జ్వరం వచ్చిన వాకిలి

నీలవేణికి కడుపున పుట్టిన పిల్లలు లేరు గానీ, ఆమె ఇంట్లో పిల్లల ఏడుపు వినబడని పూటంటూ లేదు. ఖరగ్‌పూర్‌లో మలంచా రోడ్డు దిగి, టోటోలనే బ్యాటరీ రిక్షాలు మలుపు తిప్పుకునే చోటు దాటితే ఆకుపచ్చ గేటు ఇల్లు వాళ్ళది. పొద్దున్నే తల్లులు వచ్చి పిల్లల్ని దింపిపోతారు. ఒకామె బట్టల కొట్టులో పని చేస్తుంది, ఒకామె నర్సింగ్‌హోంలో ఆయా, ఇంకొకామె విద్యాసాగర్ ఇండస్ట్రియల్ పార్కులో ఫ్యాక్టరీకి పోతుంది. సాయంత్రం దాకా ఆ పిల్లల తిండీ నిద్రా ఆటా అన్నీ నీలవేణి చేతి మీదే.

ఆమె తాత శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో కుదురుకున్నాడు. తండ్రీ అక్కడే చేశాడు. నీలవేణి తెలుగు బడిలో చదువుతుండగా తల్లి మంచం పట్టింది. చంకలో పసివాడు. "రెండు నెల్లు బడి మానేసి ఈడిని సూడే," అన్నాడు తండ్రి. ఆ రెండు నెలలకు అంతు లేకుండా పోయింది. తమ్ముడు నడిచాడు, పలకా బలపం పట్టాడు, బడికీ వెళ్ళాడు. అక్క మాత్రం మళ్ళీ ఆ బడి గేటు దాటలేదు. నలుగురిలో నోరు విప్పాలంటే ఆమెకు అప్పటి నుంచీ బెరుకే. అయితే నోటికి పని తక్కువైన కొద్దీ కళ్ళకు పని ఎక్కువైంది. ఏ పిల్ల ఎందుకు ఏడుస్తోందో వీపు తిప్పుకుని కూర్చున్నా తెలిసిపోతుంది. తెలిసిందని ఎవరితోనూ అనదు. లేచి వెళ్ళి ఆ పని చేసేస్తుంది, అంతే.

భర్త దేముడు వర్క్‌షాపులో వెల్డరు. పుట్టిందీ పెరిగిందీ కాపురం చేసిందీ అన్నీ రైల్వే క్వార్టర్లలోనే. రిటైరయ్యే ముందు మలంచాలో ఈ ఇల్లు కట్టుకున్నాడు. అప్పట్లో వాకిలి ఎర్ర మొరం నేల. అంచుల్లో గరిక, పడమటి మూల ఓ మునగచెట్టు. వానొస్తే బురద. చెట్టుకు గొంగళిపురుగులు పట్టి పిల్లల ఒళ్ళంతా దద్దుర్లు తేలాయి ఒకసారి. ఉద్యోగం అయిపోగానే దేముడు ఆ చెట్టు కొట్టించి, గేటు నుంచి గుమ్మం దాకా వాకిలంతా సిమెంటు చేయించాడు. మేస్త్రీ పక్కన గొడుగు పట్టుకుని నిలబడి, తాపీ ఎక్కడైనా గీత వదిలితే మళ్ళీ రుద్దించాడు.

"పెచ్చులూడిన నేల మీదే ఇన్నాళ్ళూ బతికినాను. సొంతింట్లోనైనా నేల అద్దంలా ఉండాల," అనేవాడు.

అద్దంలాగే వచ్చింది. చలికాలమంతా పిల్లలు దాని మీద పడుతూ లేస్తూ ఆడారు. బురద లేదు, పురుగు లేదు. నీలవేణి కూడా మురిసింది. చైత్రం వచ్చాక అసలు సంగతి బయటపడింది. పడమటెండ మునగచెట్టు అడ్డం లేకుండా తిన్నగా వాకిట్లో దిగింది. మధ్యాహ్నం కాలు పెడితే చుర్రుమనేది. పొద్దు గుంకాక కూడా చల్లారేది కాదు. పొయ్యి ఆర్పినా పెనం వేడి పోనట్టు, రాత్రి అన్నాలవేళ దాకా ఆ సెగ గుమ్మంలోంచి ఇంట్లోకి కొడుతూనే ఉండేది. పిల్లల్ని లోపలి గదిలో కుక్కి కూర్చోబెట్టాల్సి వచ్చింది.

అందరికంటే చిన్నది షైని. ఫ్యాక్టరీకి పోయే జెనీ కూతురు. ఇంకా మాటలు సరిగా రాలేదు. దేముణ్ణి "తాతా" అని పిలవడం మాత్రం అమ్మ అనే మాట కంటే ముందు నేర్చుకుంది. దాని మెడ నుంచి నడుము దాకా చెమటకాయలు లేచాయి. రాత్రంతా గోకి గోకి ఏడుస్తోందట.

"ఆంటీ, మీ మీద కోపం కాదు. బిడ్డ వీపు చూస్తే నాకు ఫ్యాక్టరీలో చేతులాడట్లేదు," అంది జెనీ ఒకరోజు గేటు దగ్గర. "ఈ నెలాఖరు దాకా చూస్తాను. తగ్గకపోతే పని మానేసి ఇంట్లో కూర్చుంటాను. ఏం చెయ్యను మరి?"

ఒక తల్లి తీసుకుపోతే మిగతావాళ్ళూ ఆగరు. అది ఒక భయం. షైని లేని మధ్యాహ్నం ఎలా ఉంటుందో ఊహించుకోవడం అంతకంటే పెద్ద భయం. ఆ రాత్రి అన్నం వడ్డిస్తూ నీలవేణి మెల్లగా కదిపింది.

"ఆ పడమటేపు కాస్త సిమెంటు తీసేస్తే ఏటయ్యా?"

దేముడు ముద్ద చేతిలోనే ఆపాడు. "తీసేస్తే? నెత్తి మీద జుట్టేటి, వొద్దంటే గీయించుకోడానికి? ఎండాకాలం ఎండగాక ఎన్నెలుంటాదేటి! మొరం నేలైతే మంచు కురుస్తాదా?"

నీలవేణి ఖాళీ గిన్నె తీసుకుని లేచింది.

సరిగ్గా ఆ రోజుల్లోనే రాధారాణి వచ్చింది. ఊరవతల ఉన్న ఇంజినీరింగు కాలేజీలో రీసెర్చి చేసే బెంగాలీ అమ్మాయి. తారు రోడ్డు, పచ్చగడ్డి మైదానం, మొరం బాట, సిమెంటు వాకిలి, ఇలా ఒక్కో రకం నేల తన పైనున్న గాలిని ఎంత వేడెక్కిస్తుందో కొలుస్తోందట. సిమెంటు వాకిలి కావాలని వీధి వీధీ తిరుగుతూ ఈ గేటు ముందు ఆగింది. అద్దంలాంటి నేల చూసి, "ఇంత బాగా చేసిన వాకిలి ఎక్కడా చూళ్ళేదు," అంది బెంగాలీలో. ఆ ఒక్క మాటకు దేముడు పడిపోయాడు.

"రండి దీదిమొణీ, రండి," అంటూ కుర్చీ వేశాడు. చదువు చెప్పే ఆడవాళ్ళను అక్కడ పిలిచే పిలుపు అది. "మీ మిషనుకు స్టాండు కావాలేటి? దానికి బజారుకెందుకు, నానున్నాను కదా."

పాత ఇనుప ముక్కలు వెతికి స్టాండు తానే వెల్డింగు చేసి పెట్టాడు. దాని మీద మిషను కూర్చుంది. తెల్ల పళ్ళేలు ఒకదాని మీద ఒకటి బోర్లించినట్టుంటుంది. అందులోంచి ఒక తీగ దిగి నేలకు అంటుకుని ఉంటుంది. పక్కన చిన్న పెట్టె మీద అంకెలు కనిపిస్తాయి. పైది తీగ పట్టిన నేల వేడి, కిందిది గాలిలో తేమ.

ఒకరోజు రాధారాణి లాప్‌టాప్ తెరిచి నీలవేణిని పక్కన కూర్చోబెట్టుకుంది. పిన్నిని పిలిచినట్టు ఆమెను మాసీ అనేది. తెర మీద వాళ్ళ వీధి. మొత్తం చిన్న చిన్న గళ్ళుగా విడగొట్టి ఉంది.

"ఒక్కో గడిలో ఏముందో నేను చెప్తాను మాసీ. ఇది సిమెంటు, ఇది తారు, ఇది గడ్డి. ఎండను ఎంత మింగుతుంది, ఎంత వెనక్కి కొడుతుంది, లోపల తడి ఎంత ఉంది, అన్నీ ఇస్తాను. గాలి ఎటు వీస్తోందో కూడా. అప్పుడు ఏ వేళకు ఎక్కడ ఎంత వేడి ఉంటుందో కంప్యూటరు లెక్కగట్టి రంగుల్లో చూపిస్తుంది."

వాళ్ళ వాకిలి నిప్పుకణికలా ఎర్రగా కనిపించింది. రాధారాణి పడమటి గళ్ళలో సిమెంటు తీసేసి మట్టి, గడ్డి, ఒక చెట్టు పెట్టింది. కాసేపటికి అక్కడ ఎరుపు విరిగి నారింజ రంగయింది, సాయంత్రం బొమ్మలో పసుపయింది. నీలవేణికి తన నోటితో చెప్పలేనిది ఎవరో గోడ మీద రాసి పెట్టినట్టుంది.

"ఈ బొమ్మ మా ఆయనకి చూపించొచ్చా?" అని అడిగింది.

"ఇంకా కాదు మాసీ. ముందు కంప్యూటరు చెప్పిన లెక్కా, మీ వాకిట్లో మిషను కొలిచిన లెక్కా ఒకదానికొకటి సరిపోవాలి. సరిపోతేనే దీని మాట ఎవరైనా నమ్ముతారు. నెలాఖరులోగా తేలిపోతుంది."

నెలాఖరు. జెనీ పెట్టిన గడువూ అదే.

నీలవేణి మిషనును పసిపిల్లను చూసుకున్నట్టు చూసుకుంది. ఇంటికొచ్చినవాళ్ళ సామాను ఎండలో మాడుతుంటే మనం నీడలో ఎలా కూర్చుంటాం? మధ్యాహ్నం పిల్లలకు అన్నాలు పెట్టాక, దేముడు పెద్దవాళ్ళతో పేకాటకు వెళ్ళిన వేళ, ఆమె బయటికొచ్చి పెట్టె మీద పై అంకె చూసేది. పిల్లల చంకలో థర్మామీటరు పెట్టి చూసే అలవాటు కదా. అంత పెద్ద అంకె కనబడితే చేతులు ఊరుకోవు. బోరింగు నీళ్ళు తెచ్చి స్టాండు చుట్టూ బక్కెట్లతో కుమ్మరించేది. అంకె దిగేది. ఇంకా మొండికేస్తే, పాత చీర ముక్క తడిపి, తీగ అంటుకున్న చోట నేల మీద పరిచేది, జ్వరం వచ్చిన పిల్ల నుదుటి మీద వేసినట్టు. అంకె ఇంకాస్త దిగేది. "తగ్గిందమ్మా, తగ్గింది," అని మిషనుతో చెప్పి, దేముడు వచ్చేలోపు గుడ్డ తీసి ఆరేసేది. మంచి పని చేశానన్న తృప్తితో పిల్లల పక్కన నడుం వాల్చేది.

నెల చివర్లో రాధారాణి వచ్చి మెట్ల మీద కూలబడింది. మొహం వాడిపోయి ఉంది.

"మిగతా చోట్ల అన్నీ దగ్గరగానే వచ్చాయి. మీ వాకిలే కుదరడం లేదు. మధ్యాహ్నం మండిపోవాలని కంప్యూటరు చెప్తోంది. మిషనేమో గడ్డి మైదానం కంటే ఇక్కడే చల్లగా ఉందంటోంది. మా సారు ఒప్పుకోరు. ఈ వాకిలి వదిలేసి ఇంకోటి చూసుకోవాలేమో."

దేముడు తొడ చరిచాడు. "సూసినావా! నా సిమెంటు గడ్డి కన్నా సల్లన! నానేటి సెప్పినాను? దీదిమొణీ, కంప్యూటరుకేటి తెలుస్తాది, దాని కాళ్ళేటన్నా కాలతాయా? మా మేస్త్రీ పనితనం అది!" తర్వాత పెళ్ళాం వైపు తిరిగి, "పగలగొట్టమంటన్నావు, పగలగొట్టు మరి!" అని నవ్వాడు.

నీలవేణికి నవ్వు రాలేదు. ఎవరికీ తెలియని సంగతి ఆమెకు ఆ క్షణంలో తెలిసిపోయింది. మిషను అబద్ధం చెప్పలేదు, కంప్యూటరూ తప్పు చెప్పలేదు. మధ్యలో తన బక్కెట్టు ఉంది. చెప్దామని నోరు తెరిచింది. ఆ అమ్మాయి ఇన్నాళ్ళ కష్టం తన చేతుల్లో బూడిదయిందని ఎలా చెప్పడం? చదువుకున్నవాళ్ళ పనిలో చదువు లేనిదాని చెయ్యి పడితే ఇంతేనని అనుకుంటుందేమో. నోరు మూసుకుని టీ పెట్టడానికి లోపలికి పోయింది. టీ తెచ్చేసరికి రాధారాణి వెళ్ళిపోయింది, మిషను రేపు తీసుకెళ్తానని చెప్పి.

ఆ సాయంత్రం జెనీ షైని బట్టలు, పాలసీసా, చాప అన్నీ సంచిలో సర్దుకుంది.

"సోమవారం నుంచి ఉద్యోగం మానేస్తున్నాను ఆంటీ. సూపర్‌వైజరుకు చెప్పేశాను. ఆలోచించుకోమన్నాడు గానీ, ఆలోచించడానికేముంది!"

షైని తల్లి భుజం మీద నుంచి వంగి, "తాతా, తాతా," అని చేతులు చాపింది. దేముడు కిటికీ దగ్గర పేపరు పట్టుకుని కూర్చున్నాడు. పేపరు తిప్పలేదు, చదవనూ లేదు.

మర్నాడు రాధారాణి మిషను విప్పడానికి వంగినప్పుడు నీలవేణి వచ్చి పక్కన నిలబడింది. కొంగు వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ.

"దీదీ... నానే నీళ్ళు పోసినాను." కంగారులో తెలుగులోనే అనేసింది. మళ్ళీ బెంగాలీ వెతుక్కుని చెప్పింది. "రోజూ మధ్యాహ్నం. తీగ మీద తడిగుడ్డ కూడా వేశాను. అంకె అంత ఎక్కువుంటే... జ్వరం అనుకున్నాను."

తిడుతుందని నీలవేణి తలొంచుకుంది. ఆ అమ్మాయి గచ్చు మీద చతికిలబడి, రెండు చేతుల్లో మొహం దాచుకుంది. భుజాలు అదురుతున్నాయి. ఏడుస్తోందేమో అనుకుంది నీలవేణి. చేతులు తీశాక తెలిసింది, నవ్వుతోంది, కళ్ళల్లో నీళ్ళు కూడా ఉన్నాయి.

"మిషనుకు తడిగుడ్డ! అయ్యో మాసీ! నీళ్ళు పోయొద్దని నేను చెప్పాలి కదా, అసలు తప్పు నాది." వెంటనే లాప్‌టాప్ తెరిచింది. "ఏ వేళకు పోసేవారు? ఇంచుమించు ఎంత?"

నీలవేణి తనకు గుర్తున్నది చెప్పింది. రాధారాణి ఆ వాకిలి గళ్ళకు మధ్యాహ్నం పూట తడి కలిపి లెక్క మళ్ళీ పెట్టింది. చాలాసేపు పట్టింది. అప్పుడు తెర మీద రెండు గీతలు, కంప్యూటరుదీ మిషనుదీ, ఒకదాని పక్కన ఒకటి నడిచాయి. అచ్చంగా కలవలేదు గానీ, అన్నదమ్ముల్లా ఉన్నాయి.

"కంప్యూటరు మాట నమ్మొచ్చు," అంది రాధారాణి. తర్వాత కాస్త తటపటాయించింది. "ఇంకొకటి ఉంది మాసీ. మీరు పై అంకె చూశారు, కింది అంకె చూడలేదు. నీళ్ళు పోసినప్పుడు వేడి తగ్గింది, కానీ ఆ నీళ్ళన్నీ ఆవిరై గాలిలోకే వెళ్ళాయి. మన ఊళ్ళో అసలే ఉక్క. ఒంటి మీద చెమట ఆరదు."

నీలవేణికి అర్థమైంది. షైని వీపు మీద చెమటకాయలు తగ్గకపోవడంలో సిమెంటు వాటాతో పాటు తన బక్కెట్ల వాటా కూడా అంతో ఇంతో ఉంది. లోపలికి వెళ్ళి పిల్లలకు విసనకర్ర విసురుతూ కూర్చుంది.

దేముడు గుమ్మంలో నిలబడి అంతా విన్నాడు. రాధారాణి సిమెంటు తీసేసిన వాకిలి బొమ్మ అతనికి చూపించింది. చూశాడు. "బొమ్మలో రంగు మార్చడం సులువే," అన్నాడు. చెప్పులేసుకుని పేకాటకు పోయాడు. ఆ పూట తొందరగా వచ్చేశాడు. ఆట కుదరలేదట.

ఆదివారం పొద్దున పిల్లలు రారు. ఇల్లు బావురుమంటోంది. నీలవేణి బియ్యం కడుగుతుండగా వాకిట్లో ఠంగుమని చప్పుడు. బయటికొచ్చి చూస్తే దేముడు గునపంతో పడమటి మూల పొడుస్తున్నాడు. నేల మీద సుద్దతో గీత గీసి ఉంది.

"ఏటయ్యా ఇది?"

"కనపడతంది కదా. ఆ దీదిమొణికి ఫోను సేసి అడిగినాను, ఎక్కడ దాకా తియ్యాలని. పడమటేపు సగం సాలంట. మార్కింగు లేకుండా కటింగు సేస్తే మా ఫోర్‌మేను సెవులు మెలేసీవోడు." మళ్ళీ పొడిచాడు. గునపం జారింది, రవ్వంత పెచ్చు లేచింది. దేముడి మొహంలో గర్వం తొంగి చూసింది. "సూడు, పగలనంటంది! అదే ఇంకో మేస్త్రీ ఏసుంటే ఈపాటికి ముక్కలైపోయేది."

"మరి ఎందుకు పగలగొడతన్నావు?"

"ఆ సిన్న గుంట తాతా అని అలా సేతులు సాపితే..." అని ఆగిపోయాడు. "నువ్వెల్లి టీ ఎట్టు. మాటలొద్దు."

సాయంత్రానికి సగం వాకిలి లేచిపోయింది. కింద మట్టి గట్టిగా, పాలిపోయి, చాన్నాళ్ళు కట్టు కింద ఉన్న చర్మంలా ఉంది. నీలవేణి బిడియం పక్కనబెట్టి జెనీ ఇంటికి నడిచి వెళ్ళింది. అంత దూరం ఒంటరిగా ఒకరింటికి వెళ్ళి అడగడం ఆమెకు అదే మొదలు. నీళ్ళ సంగతి కూడా దాచకుండా చెప్పింది.

"వానలు పడేదాకా సూడు జెనీ. అప్పటికీ బాగోకపోతే నానే నీకు సెప్తాను, తీసుకెల్లిపొమ్మని."

జెనీ ఇంకా విప్పని సంచి వైపు చూసింది. "సూపర్‌వైజరుకు ఏమని చెప్పాలి?" అని మాత్రం అంది.

సోమవారం జెనీ షైనితో వచ్చింది. వాకిలి చూసి గుండె మీద చెయ్యేసుకుంది. "ఇదేంటి ఆంటీ, యుద్ధం జరిగినట్టుంది!" రాళ్ళు, సిమెంటు పెళ్ళలు, ఎర్రదుమ్ము. నిజానికి మొదటి వారాలు ఏమీ బాగోలేదు. పిల్లలు దుమ్ములో పొర్లి కోతుల్లా తయారయ్యారు. నేల చల్లబడటం కాదు, ఎండకు నోరెండినట్టు పగిలింది. దేముడు రోజూ సణిగాడు. రాధారాణి మాత్రం, ఎండిన మట్టి కూడా ఎండలో వేడెక్కుతుందనీ, గడ్డి లేచి లోపల తడి నిలిస్తే గానీ తేడా తెలియదనీ ఓపిక పట్టమంది. నీలవేణి మధ్యాహ్నం నీళ్ళు మానేసి, పొద్దు వాలాక మట్టి మీద మాత్రమే చల్లింది. పిల్లలకు పలచటి బట్టలు వేసింది. పాత చీరలు రెండు కలిపి పడమటి వైపు పందిరిలా కట్టింది. మెల్లగా షైని వీపు మీద పొక్కులు ఆరాయి. ఏ పనికి ఆరాయో ఇదమిత్థంగా ఎవరూ చెప్పలేరు.

కాల్ బైశాఖి గాలివానలు రెండు వచ్చి వెళ్ళాక ఎవరూ వేయని గరిక దానంతటదే మొలిచింది. రాధారాణి మిషను మళ్ళీ పెట్టి చూసింది. మధ్యాహ్నం తేడా కొద్దిగానే ఉందంది. సాయంత్రాలు మాత్రం మట్టి సగం తొందరగా చల్లారుతోంది, సిమెంటు సగం ఇంకా కాగుతూనే ఉంది. ఆ సంగతి పిల్లలు ముందే కనిపెట్టారు. పొద్దు వాలగానే అందరూ మట్టి వైపుకే చేరేవారు.

ఒక సాయంత్రం జెనీ ఫ్యాక్టరీ నుంచి వచ్చేసరికి షైని గరికలో బోర్లా పడుకుని, దేముడి బొటనవేలు పట్టుకుని నిద్రపోతోంది. దేముడు కాలు కదపడానికి లేక కుర్చీలో కొయ్యబారి కూర్చున్నాడు.

"నువ్వొచ్చినావా! కాలు తిమ్మిరెక్కి సస్తన్నాను. లేపకు, లేపకు, నెమ్మదిగా ఎత్తుకో," అన్నాడు.

జెనీ కూతురి గౌను పైకెత్తి వీపు చూసింది, అరచేత్తో నిమిరింది. పిల్లను భుజానేసుకుని గేటు దాకా వెళ్ళి ఆగింది.

"ఆంటీ, రేపటి నుంచి వారం రోజులు ఓవర్‌టైముంది. దీన్ని కొంచెం లేటుగా తీసుకెళ్తాను, పర్లేదా?"

"పర్లేదు," అంది నీలవేణి.